విశ్వపౌరుని అభ్యాసం

విశ్వపౌరుడు కావాలన్న ఆకాంక్ష ఉదాత్తమైనది. అయితే నిర్దిష్టమైన అభ్యాసలక్ష్యం లేనిదే అది ఫలించదు. ఇందుకు పాములపర్తి వెంకట నరసింహారావు (1921–2004) జీవితమే నిదర్శనం. ఆయన హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబలా జీవితం’గా తెలుగులోకి, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి అనువదించారు. స్పానిష్ భాషను నేర్చారు. అరవై ఏళ్లు దాటిన పిమ్మట కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌ను అభ్యసించారు. నేర్చిన ప్రతి భాషా ఆయన తెలుగుదనానికి మరొక వాకిలి తెరిచింది.

విద్యార్థులు సైతం ఏడాదికొక లక్ష్యాన్ని ఎంచుకోవాలి. ఏ భాష నేర్వాలో, ఏ దేశచరిత్ర చదవాలో, రోజుకెంత సమయం వెచ్చించాలో రాసుకోవాలి. నెలకొకసారి తమ ప్రగతిని తామే పరీక్షించుకోవాలి. నేర్చినదాన్ని తోటివారికి తేటతెలుగులో వివరించగలిగిన నాడే ఆ లక్ష్యం నెరవేరినట్లు.