కిటికీకి ఎదురుగా కూర్చోండి

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, ఆ తర్వాతా అసిస్టెంట్ ప్రొఫెసర్ల ఎంపిక కమిటీల్లో బయటి సబ్జెక్టు నిపుణురాలిగా చాలాసార్లు కూర్చున్నాను. 2020 నుంచి వాటిలో కొన్ని వీడియోలోనే జరిగాయి. నా దగ్గర పీహెచ్‌డీ చేసిన పిల్లలు తిరుపతి, బెర్హంపూర్ ఐసర్‌లకీ, సెంట్రల్ యూనివర్సిటీలకీ, అమెరికా కాలేజీలకీ వీడియో ఇంటర్వ్యూలు ఇస్తూ ముందురోజు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఏం కట్టుకోమంటారు?" అని మొహమాటపడుతూ అడుగుతారు. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. వాళ్ళకు విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒక చోట రాస్తున్నాను.

1. మీరు అవతల ఎలా కనిపిస్తారో ముందు తెలుసుకోండి

మన యూనివర్సిటీల్లో కమిటీ అంటే వైస్ ఛాన్సలర్, ఛాన్సలర్ నామినీ, ముగ్గురు బయటి నిపుణులు, డీన్, హెడ్. అందరం ఒకే హాల్లో పొడుగు బల్ల చుట్టూ కూర్చుంటాం. బల్ల చివర గోడకు పెద్ద టీవీ, దాని మీద ఒక కెమెరా. ఆ టీవీలో మీ ముఖం మనిషి ముఖం కన్నా పెద్దగా కనబడుతుంది. మీకేమో మేమందరం వేలి గోరంత కనబడతాం. అందుకని మా ముఖాల్లో మెప్పు కోసం వెతుక్కోకండి, దొరకదు. మీ ముఖంలో ప్రతి చిన్న కదలికా మాత్రం మాకు అందుతుంది.

2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం అకడమిక్ స్కోరు పనికొచ్చేది ఇంటర్వ్యూకు పిలవడం వరకే. ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీదే. అంటే పదేళ్ళ చదువు, అయిదారేళ్ళ పరిశోధన, అచ్చయిన పేపర్లు, అన్నీ ఆ టీవీలో కనిపించే పావుగంటలోకి వచ్చి పడతాయి.

ఒక విషయం చెప్పాలి. 2020 వానాకాలంలో ఒక అబ్బాయి ఇంటర్వ్యూకు వచ్చాడు. ఎర్రనేలల్లో పెరిగే గడ్డిజాతుల మీద పని చేశాడు. వెనక తెరిచిన కిటికీ, దాంట్లోంచి తెల్లటి ఆకాశం, ముందు అతని ముఖం నల్లటి నీడ. కళ్ళు కనబడలేదు. జవాబులు బాగానే చెప్పాడు. కానీ నేను నా కాగితం మీద "ఆత్మవిశ్వాసం తక్కువ" అని రాశాను. రెండేళ్ళ తర్వాత ఒక సెమినార్‌లో అతను ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే విన్నాను. ఎంత స్పష్టత, ఎంత ధీమా! ఆ రోజు నేను మార్కు వేసింది అతని వెనకున్న కిటికీకి. ఆ తప్పు నాది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఇంటర్వ్యూ చేసే మాకు ఇలాంటి పొరపాట్లు మాకు తెలియకుండానే జరుగుతాయి. వాటి బారిన పడకుండా మిమ్మల్ని మీరు కాపాడుకోవాలనే ఇదంతా చెప్పడం.

2. వెలుగు ముఖం మీద పడాలి

కిటికీ మీకు ఎదురుగా ఉండాలి, ల్యాప్‌టాప్ వెనకాల. మన ఇళ్ళల్లో తూర్పు కిటికీ ఉన్న గది పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి దిగులుగా అయిపోతుంది. అందుకే ఇంటర్వ్యూ మూడింటికైతే ముందురోజు సరిగ్గా మూడింటికే కూర్చుని చూసుకోండి. కిటికీ లేకపోతే టేబుల్ ల్యాంపును ఎదురు గోడ మీదకు తిప్పండి. గోడకు తగిలి వచ్చే వెలుగు మెత్తగా పడుతుంది. నడినెత్తిన ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే కళ్ళ కింద గుంటలు పడినట్టు కనిపిస్తారు.

తెరమీద సన్నని చారలు పైకీ కిందకీ జారుతుంటే కంగారుపడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికాలో 60. కెమెరా అక్కడి లెక్కకు సర్ది ఉంటే మన బల్బుల కింద అలా మినుకుతుంది. వీడియో సెట్టింగుల్లో 50 అని మార్చుకుంటే ఆగిపోతుంది.

కళ్ళద్దాల్లో తెర ప్రతిబింబం పడుతుంటే తెర వెలుగు తగ్గించి, ఎదురు దీపాన్ని ఇంకాస్త పైకి జరపండి.

వెలుగు గురించి మాట్లాడుతుంటే ఇంకో మాట గొంతులో అడ్డం పడుతోంది. నల్లగా ఉన్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటర్వ్యూ ముందు పౌడర్ దట్టంగా పూసుకుంటారు, లేదా వీడియో యాప్‌లో ముఖాన్ని నున్నగా చేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్ని పెట్టేస్తారు. దయచేసి వద్దు. కెమెరా గదిలోని మొత్తం వెలుగును చూసి తనంతట తానే సర్దుకుంటుంది. వెనక సున్నం వేసిన తెల్ల గోడ, ఒంటి మీద తెల్ల చొక్కా ఉంటే అది మొత్తాన్ని కాస్త తగ్గించేస్తుంది, దాంతో చామనఛాయ ముఖం ఇంకా చీకటిపడుతుంది. దోషం గోడదీ చొక్కాదీ. చొక్కా రంగు మార్చండి, గోడకు నాలుగడుగులు ముందుకు జరగండి, దీపం దగ్గరకు తెచ్చుకోండి. మీ రంగు మీ రంగులాగే ఉండాలి. ఆ ముఖంలోని కళ్ళూ, పెదాలూ, ఆలోచిస్తున్నప్పుడు ముడిపడే నుదురూ మాకు కనబడాలి. అంతే కావాలి.

3. ల్యాప్‌టాప్ కింద పీట

భోజనాల పీట ఇంట్లో ఉంటే అటక మీంచి దించండి. బల్ల మీద పీట, పీట మీద రెండు లావుపాటి పుస్తకాలు, వాటి మీద ల్యాప్‌టాప్. కెమెరా మీ కనుబొమల ఎత్తుకు వస్తుంది. కిందనుంచి చూసే కెమెరాలో ముక్కుపుటాలూ, తిరిగే ఫ్యానూ కనబడతాయి, పైగా మీరు మమ్మల్ని తక్కువ చేసి చూస్తున్నట్టుంటుంది. మాట్లాడేటప్పుడు కెమెరా కన్నులోకి చూడండి. వినేటప్పుడు తెర చూసినా ఫరవాలేదు.

4. కట్టూబొట్టూ

రెండు రోజుల ముందు అదే బట్టల్లో, అదే కుర్చీలో, అదే వెలుగులో కూర్చుని అయిదు నిమిషాలు వీడియో తీసుకుని చూడండి. అద్దం ఈ పని చేయలేదు. అద్దంలో అందంగా ఉన్న చీర కెమెరాలో కుదురుగా ఉండకపోవచ్చు.

సన్న గళ్ళు, సన్న చారలు కెమెరాకు పడవు. కెమెరాలోని చుక్కల వరసలూ బట్ట గళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి, లేని అలలు పుట్టుకొస్తాయి. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా చొక్కా మీద ఇంద్రధనస్సులు కదులుతాయి. చూసేవాడి చూపు అక్కడే ఉండిపోతుంది. మగపిల్లలు ఇంటర్వ్యూ అనగానే తీసే సన్న చారల చొక్కా సరిగ్గా ఈ బాపతే. చిన్న గళ్ళ మంగళగిరి చీర నాకు ప్రాణం, క్లాసుకు కట్టుకున్నాను గానీ వీడియోకు వద్దంటాను. సన్న అంచున్న సాదా మంగళగిరి నూలు చీర దివ్యంగా ఉంటుంది. పెద్ద జరీ అంచు దీపానికి తళుక్కున మెరుస్తుంది. పల్లూ భుజం మీద పడే చోట జరీ ఉంటే అది మీ ముఖం పక్కనే వెలుగుతుంది. పట్టుచీరకు వేరే రోజులున్నాయి. చిన్న చిన్న పూలూ చుక్కలూ నిండిన డిజైన్లు నెట్ నెమ్మదించినప్పుడు ముద్దలా అయిపోతాయి.

రంగు విషయానికొస్తే ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ, నేరేడు రంగు, నీలం మన ఒంటి రంగుల మీద బాగుంటాయి. గోడ రంగుతో కలిసిపోకుండా చూసుకోండి.

అమెరికా కమిటీకైతే కోటు వేసుకోవాలా అని అడుగుతారు. అలవాటుంటే వేసుకోండి. జీవితంలో మొదటిసారి ఆ రోజే వేసుకుంటే భుజాలు బిగుసుకుపోతాయి, అది కనబడుతుంది. ఇస్త్రీ చేసిన ఫుల్‌చేతుల చొక్కా చాలు. చీర అలవాటున్నవాళ్ళు చీరే కట్టుకోండి. సల్వార్ కమీజ్ అయితే చున్నీని రెండు వైపులా పిన్ను చేయండి, సర్దుకోవడానికి చెయ్యి పోకుండా. బొట్టు, విభూతి, హిజాబ్, తలపాగా ఏదైనా రోజూ ఉండేదైతే ఆ రోజూ ఉండనివ్వండి. దాన్ని తీసేసి కూర్చున్న మనిషి మాటిమాటికీ నుదురు తడుముకోవడం చూశాను.

నడుము పైకి ఒకటీ కిందకి ఒకటీ వద్దు. కరెంటు పోయి లేవాల్సిన పని ఎప్పుడైనా పడొచ్చు. అంతకన్నా ముఖ్యం, పూర్తిగా తయారైన మనిషి నిటారుగా కూర్చుంటాడు.

5. గాజుల చప్పుడు

ల్యాప్‌టాప్ మైకు చేతుల దగ్గరే ఉంటుంది. మట్టిగాజులు బల్లకు తగిలితే టీవీ ఉన్న హాల్లో పళ్ళేలు పడ్డట్టు వినిపిస్తుంది. గాజులు తీయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే పైకి జరిపి రబ్బరుబ్యాండు వేయండి. గంజి పెట్టిన చీర పల్లూ ఇయర్‌ఫోన్ మైకుకు రాసుకుంటే గరగరమంటుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ నమ్మదగినవి, ఛార్జింగు అయిపోదు.

సీలింగ్ ఫ్యాను మైకులోకి హోరుమంటుంది. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోమని చెప్పడానికి నాకు నోరు రాదు. చిన్న టేబుల్ ఫ్యాను కాళ్ళ వైపు పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళకు కుక్కరు సంగతి ముందే చెప్పండి, కాలింగ్ బెల్ స్విచ్ ఆపేయండి.

6. వారం, తేదీ, గంట

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మనకూ తూర్పు తీరానికీ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలం పదిన్నర. మొదటి విడత ఇంటర్వ్యూలు ఎక్కువగా నవంబరు నుంచి జనవరి మధ్యనే కాబట్టి పిలుపు ఒక లెక్కలో వచ్చి, ఇంటర్వ్యూ ఇంకో లెక్కలో జరగొచ్చు. డిసెంబరులో అక్కడ గురువారం మధ్యాహ్నం రెండున్నర అంటే మనకు రాత్రి ఒంటిగంట, తేదీ ప్రకారం శుక్రవారం. మనం దాన్ని మాటల్లో "గురువారం రాత్రి" అంటాం. ఈ తికమకలో ఒక అమ్మాయి ఒక రోజు ఆలస్యంగా కూర్చుంది. రెండు తేదీలూ రెండు గంటలూ కాగితం మీద రాసి ఈమెయిల్‌లో వాళ్ళతో ఖాయం చేసుకోండి.

7. మాట

అమెరికా కాలేజీల్లో మొదటి విడత సాధారణంగా అరగంట. నలుగురైదుగురు చేరి, చాలాచోట్ల అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు వరసగా చదువుతారు. మీ పరిశోధన ఏమిటి, దాంట్లోకి డిగ్రీ పిల్లల్ని ఎలా తీసుకుంటారు, మా డిపార్ట్‌మెంట్‌కే ఎందుకు రావాలనుకుంటున్నారు, ఒక పాఠం బెడిసికొడితే ఏం చేశారు. చివర "మమ్మల్నేమైనా అడుగుతారా?" అంటారు. దానికి రెండు ప్రశ్నలు సిద్ధంగా ఉండాలి. మన దగ్గరైతే థీసిస్ మీదినుంచి ఎంఎస్సీ సిలబస్‌లోకి హఠాత్తుగా దూకుతారు. కిరణజన్య సంయోగక్రియ బోర్డు మీద ఎలా మొదలుపెడతావని నేనే అడిగేదాన్ని. పరిశోధనలో మునిగినవాళ్ళు సరిగ్గా అక్కడే తడబడేవాళ్ళు.

పరిశోధన గురించి రెండు నిమిషాల్లో చెప్పడం బిగ్గరగా సాధన చేయండి, వేరే సబ్జెక్టు చదివిన స్నేహితుడి ముందు. తెర మీద జవాబులు రాసిపెట్టుకుని చదవకండి. కళ్ళు ఎడమనుంచి కుడికి నడవడం అంత పెద్ద టీవీలో దాగదు. కెమెరా పక్కన చిన్న చీటీ అంటించి దాని మీద అయిదు మాటలు రాసుకోండి, చాలు. జవాబు మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆగకపోతే ప్రశ్న చివరి మాటను తొక్కేస్తారు.

మీ బొమ్మ మీకు కనబడకుండా దాచే వీలుంది, అంతా సర్దుకున్నాక దాచేయండి. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో సమావేశాల అలసటకు చెప్పిన నాలుగు కారణాల్లో, గంటల తరబడి తన ముఖాన్ని తానే చూసుకుంటూ ఉండటం ఒకటి.

8. ఇల్లు చూసి సిగ్గుపడకండి

యాప్‌లో దొరికే బీచ్ బొమ్మలూ లైబ్రరీ బొమ్మలూ వెనకపెట్టకండి. జుట్టు అంచుల్ని తినేస్తాయి, చెయ్యెత్తితే వేళ్ళు మాయమవుతాయి. ఒక అభ్యర్థి వెనక వరసగా ధాన్యం బస్తాలు కనిపించాయి. ఎక్కడున్నావు బాబూ అని చైర్మన్‌గారు అడిగితే, "మా మామయ్య రైసుమిల్లు ఆఫీసులో సార్, ఊళ్ళో బ్రాడ్‌బ్యాండ్ ఇక్కడే ఉంది" అన్నాడు, దాచకుండా. ఆ తర్వాత మిగిలిన సమయమంతా వరి తెగుళ్ళ గురించి మాట్లాడాడు. ఆ బస్తాలు మాలో ఎవరికీ అడ్డం రాలేదు. ఆరేసిన బట్టలు తీసేయండి, తలుపు మూయండి, కేలండరు వంకరగా ఉంటే సరిచేయండి. ఉన్న గోడ చాలు.

9. కరెంటు పోతే

రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో ముందే చూడండి, లైట్లకు ఉండి దానికి లేని ఇళ్ళు ఎక్కువ. ఫోన్‌లో హాట్‌స్పాట్ వేరే కంపెనీ సిమ్ముతో. ఇంటర్వ్యూ పెట్టినవాళ్ళ ఆఫీసు ఫోన్ నంబరు కాగితం మీద, ఎందుకంటే ఆ సమయంలో ఈమెయిల్ తెరుచుకోదు. తెగిపోయి తిరిగొచ్చాక "కరెంటు పోయిందండి, మీ ప్రశ్న నేలలో నత్రజని గురించి కదా" అని ఆగిన చోటనుంచే అందుకోండి. రెండు నిమిషాల క్షమాపణలు మీ సమయంలోంచే పోతాయి.

10. అయిపోయాక

మీటింగులోంచి బయటికి వచ్చామని రెండుసార్లు చూసుకుని, ల్యాప్‌టాప్ మూత వేశాకే ఊపిరి వదలండి. మర్నాడు అమెరికా కమిటీకి రెండు వాక్యాల కృతజ్ఞతల ఈమెయిల్ పంపండి.

గుంటూరు దగ్గర పల్లెలో ఉండే నా విద్యార్థిని ఒకామెకు ఒకసారి రాత్రి ఒంటిగంటకు అమెరికా ఇంటర్వ్యూ. ముదురు ఆకుపచ్చ నూలు చీర, ల్యాప్‌టాప్ కింద వాళ్ళ నాయనమ్మ పీట. వాళ్ళ నాన్న వీధి చివరికి వెళ్ళి గూర్ఖాను ఆ గంటసేపు ఈల వేయొద్దని బతిమాలాడు. వంటింటి లైటు కళ్ళద్దాల్లో పడుతోందని వాళ్ళమ్మ దాన్ని ఆర్పేసి చీకట్లోనే పీట వాల్చుకుని కూర్చుంది. ఒంటిగంటన్నరకు మూత వేసిన చప్పుడు విని, లైటు వేసి, పెరుగన్నం కలుపుతూ మొట్టమొదట అడిగిందట: "వాళ్ళకక్కడ మధ్యాహ్నమే కదమ్మా, భోజనాలు చేసే కూర్చున్నారా?"