బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్: తాళంచెవి ఎవరి దగ్గరుంది?

"పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా?" అని బ్రౌజర్ అడగగానే మనలో చాలామందిమి సరే అనేస్తాం. అది ఎక్కడికి వెళ్లిందో తర్వాత పట్టించుకోం. ఈమధ్య మా క్వార్టర్స్‌లో ఒక సహోద్యోగి శ్రీమతి నన్ను అడిగారు: "అన్నయ్యగారూ, లోపల ఎన్‌క్రిప్షన్ ఉంటుందట కదా, ఇంకా భయమెందుకు?" ఎన్‌క్రిప్షన్ ఉన్నమాట నిజమే. కానీ బ్యాంకు కుటుంబాలవాళ్లం కాబట్టి మనం ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఆ తాళానికి చెవి ఎవరి దగ్గరుంది?

మన స్ట్రాంగ్ రూమ్ జాయింట్ కస్టడీలో ఉంటుంది. ఇద్దరు అధికారుల దగ్గర రెండు వేర్వేరు తాళంచెవులుంటాయి. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. తలుపు ఉక్కు ఎంత మందమైనా, రెండు చెవులూ ఒకే డ్రాయర్‌లో పడేస్తే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవారు ఏమంటారో మీ ఇంట్లోవాళ్లను అడిగి చూడండి.

విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ మన పాస్‌వర్డ్‌లను ఏఈఎస్ అనే పద్ధతిలో, 256 బిట్ల తాళంతో బిగించి ఒక ఫైల్‌లో పెడుతుంది. ఆ తాళాన్ని పగలగొట్టడం ఆచరణలో అసాధ్యం. కానీ దాని చెవి కూడా అదే కంప్యూటర్‌లో మరో ఫైల్‌లో ఉంటుంది. ఆ చెవికి విండోస్ మళ్లీ మీ లాగిన్‌తో ముడిపెట్టిన ఒక రక్షణ కల్పిస్తుంది. కాబట్టి హార్డ్ డిస్క్ ఎత్తుకుపోయిన దొంగకు అది సులభంగా అందదు. చిక్కు వచ్చేది మీరు లాగిన్ అయ్యాక. మీ పేరుమీద నడుస్తున్న ఏ ప్రోగ్రామైనా "ఇది తెరిచిపెట్టు" అంటే, అడిగేది మీరేననుకుని విండోస్ తెరిచి ఇచ్చేస్తుంది. సమాచారం దొంగిలించే మాల్‌వేర్ చేసే పని సరిగ్గా ఇదే. 2024 జులైలో వచ్చిన క్రోమ్ 127లో, అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని చూసే అదనపు తాళాన్ని ముందుగా కుకీలకు పెట్టారు. దాన్ని దాటే దారులు వెతకడం కూడా వెంటనే మొదలైంది.

ఈ మాల్‌వేర్ ఇంట్లోకి ఎక్కువగా వచ్చేది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో, ఆటల్లో గెలిపిస్తామనే ఉచిత చీట్‌లతో. పిల్లవాడు ఆట కోసం దించుకుంటాడు, పోయేది నాన్న మెయిల్ పాస్‌వర్డ్. కుకీ సంగతి మరీ ఘోరం. ఓటీపీ చూశాక లోపలికి వెళ్లడానికి ఇచ్చిన చీటీ అది. చీటీ చేతిలో ఉన్నవాడిని మళ్లీ ఓటీపీ అడగరు. నెట్ బ్యాంకింగ్ చీటీ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది గానీ, మెయిల్ చీటీ వారాల తరబడి చెల్లుతుంది. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులన్నీ వచ్చేది ఆ మెయిల్‌కే.

బీటెక్ చదివే మన పిల్లలకు ఒక మాట. ప్రాజెక్టులో వాడుకరి వివరాలను లోకల్ స్టోరేజ్‌లో పెడుతుంటారు. అక్కడ ఎన్‌క్రిప్షన్ ఉండదు. ఆ పేజీలో దూరిన ఏ స్క్రిప్ట్ అయినా చదివేయగలదు. కొందరు ఎన్‌క్రిప్ట్ చేసి, తాళాన్ని అదే జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. అది తాళం వేసి చెవిని గడియకే వేలాడదీయడం. బ్రౌజర్‌లోనే వెబ్ క్రిప్టో అనే సదుపాయం ఉంది. వాడుకరి చెప్పే రహస్య వాక్యం నుంచి పీబీకేడీఎఫ్2 ద్వారా తాళాన్ని అప్పటికప్పుడు తయారుచేయండి, ఆ వాక్యాన్ని ఎక్కడా దాచకండి. లాగిన్ చీటీని స్క్రిప్ట్‌కు కనిపించని హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీలో పెట్టండి. అసలు దాచకపోవడం అన్నిటికన్నా మేలు. మన రిజర్వ్ బ్యాంకు చేసింది అదే: 2022 అక్టోబర్ 1 నుంచి దుకాణాల వెబ్‌సైట్లు మన కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ ఉంచుకోవాలి.

ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే ఉంటే పిల్లలకు వేరే యూజర్ ఖాతా తెరవండి, అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. లాగిన్ వేరైతే చెవి కూడా వేరవుతుంది. పది నిమిషాల పని, నా లెక్కలో దీన్ని మించింది లేదు. ఫైర్‌ఫాక్స్ వాడేవారు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. అది మీ తలలో తప్ప కంప్యూటర్‌లో ఉండదు. మరిచిపోతే మాత్రం సేవ్ చేసినవన్నీ పోయినట్టే. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ను నేను ఏ బ్రౌజర్‌కూ అప్పగించను. డైరీలో రాసి బీరువాలో పెట్టే పెద్దవాళ్లను చూసి నవ్వుతాం గానీ, ఎక్కడో కూర్చున్న దొంగకు ఆ బీరువా అందదు.

అనుమానం వస్తే ఆ కంప్యూటర్ నుంచి కాకుండా మరో ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. "అన్ని పరికరాల నుంచి లాగౌట్" కూడా నొక్కండి, లేకపోతే పాత చీటీ ఇంకా చెల్లుతూ ఉండవచ్చు. డబ్బు పోయిందని తెలిస్తే ఇవన్నీ ఆపి, ముందు 1930కి ఫోన్ చేయండి.