ఘాట్ రోడ్డులో సినిమా ఆగకూడదంటే

ప్రశ్న: మాది సారపాక. సెలవులకు పిల్లలతో కారులో చింతూరు, మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వెళ్తుంటాం. అడవిలో సిగ్నల్ పోయి సినిమా ఆగిపోతోంది. పోర్టబుల్ డీవీడీ ప్లేయర్ కొనాలా, ట్యాబా? ఇంట్లో టీవీకీ పనికిరావాలి.
– ఓ పాఠకురాలు

జవాబు: ట్యాబే కొనండమ్మా. డీవీడీల కాలం అయిపోయింది, కొత్త సినిమాల డిస్కులు దొరకడమే గగనం. మీ ఇబ్బంది నెట్‌తోనే. ముందురోజు రాత్రి ఇంటి వైఫైలో ఓటీటీ యాప్‌లోనే సినిమాలు డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత ఫ్లయిట్ మోడ్ పెట్టి ఒకటి ఆడించి చూడండి. డౌన్‌లోడ్‌లకు గడువుంటుంది, ఎప్పుడో దించినవి సరిగ్గా చింతూరు దాటాక మొరాయిస్తాయి.

పది అంగుళాల తెర, 128 జీబీ స్టోరేజీ చాలు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఓటీటీ సినిమాలు హెచ్‌డీలో రావాలంటే ‘వైడ్‌వైన్ ఎల్1’ అనే భద్రతా స్థాయి ఉండాలి, దుకాణంలో అడగండి. టైప్-సి నుంచి టీవీకి బొమ్మ పంపే సౌకర్యం చౌక ట్యాబుల్లో చాలావాటికి ఉండదు. మీది స్మార్ట్ టీవీ అయితే ఆ బెంగే అక్కర్లేదు, అదే యాప్ టీవీలో తెరవొచ్చు.

మారేడుమిల్లి ఘాట్‌లో మాత్రం తెర కట్టేయండి. కళ్లు తెరమీద, ఒళ్లు మలుపుల్లో ఉంటే కడుపులో తిప్పుతుంది. ఆపినా పిల్లలకు ప్రతిసారీ వాంతులవుతుంటే డాక్టరుకు చూపించండి. ఇంకో మాట, బ్యాటరీ పాడై ట్యాబ్ వెనకభాగం ఉబ్బితే ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.