ఆక్యుపేషనల్ థెరపీ: పట్టాతో ఆగని చదువు

కోనసీమలోని ఉప్పలగుప్తంలో కొబ్బరి దింపు తీసే కార్మికుడు చెట్టు మీంచి జారిపడి వెన్నెముక దెబ్బతిన్నదనుకుందాం. డాక్టర్లు ప్రాణం నిలబెడతారు. ఆ తర్వాత? మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారాలి. తన స్నానం తాను చేయాలి. ఏదో ఒక పని చేసి మళ్లీ నాలుగు డబ్బులు సంపాదించాలి. వీటన్నిటికీ అతన్ని సిద్ధం చేసేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. పక్షవాతం వచ్చిన పెద్దలకు, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్న పిల్లలకు కూడా వీరి సాయం కావాలి. ఇంటర్ బైపీసీ చదువుతున్నవారు ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీలతో పాటు ఈ కోర్సు గురించీ ఆలోచించాలి.

ఎక్కడ చదవాలి?

డిగ్రీ పేరు బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ (బీవోటీ). నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇన్నాళ్లూ ఉన్న పద్ధతి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, వెల్లూరు సీఎంసీ పేరున్న కళాశాలలు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికీ వర్తిస్తుంది. దాని కింద ప్రవేశాలు, కోర్సు నిబంధనలు మారుతున్నాయి కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చదివాకే దరఖాస్తు చేయండి.

ఆధారం ఉంటేనే వైద్యం

‘మా సీనియర్లు ఇలాగే చేసేవారు’ అన్న మాట ఈ వృత్తిలో చాలదు. పరిశోధన ఏం తేల్చింది, థెరపిస్టు అనుభవం ఏం చెబుతోంది, రోగికి ఏం కావాలి అనే మూడింటినీ కలిపి నిర్ణయం తీసుకోవాలి. వైద్యుడు డేవిడ్ సాకెట్ బృందం 1996లో వైద్యానికి చెప్పిన సూత్రం ఇదే.

మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం చూడండి. పక్షవాతం రోగుల కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చి, ఇంట్లోనే పునరావాస సాధన చేయిస్తే మేలు జరుగుతుందని అందరికీ అనిపిస్తుంది. 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో దీన్ని పరీక్షించారు. మామూలు చికిత్స పొందినవారికన్నా వీరు మెరుగ్గా ఏమీ లేరని 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. మంచి ఉద్దేశం ఒక్కటే ఫలితాన్ని ఇవ్వదని ఇది చెప్పింది.

మరోవైపు, పక్షవాతంలో బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి మేలు చేస్తుందని 2006లో అమెరికాలో జరిగిన ఎక్సైట్ అధ్యయనం చూపింది. అయితే మణికట్టు, వేళ్లలో కొంతైనా కదలిక ఉన్నవారికే అది పనికొస్తుంది. ఎవరికి ఏది నప్పుతుందో తేల్చుకోవడమే థెరపిస్టు నేర్పు.

పరిశోధన పత్రాల్లో ఉప్పలగుప్తం ఉండదు. కింద కూర్చుని వంట చేసే ఇల్లాలికి, రొయ్యల చెరువు గట్టు మీద నడవాల్సిన రైతుకు లక్ష్యాలు వేరు. ‘మీకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఏది?’ అని ముందు అడగాలి. ఆ పనిని ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి పది దాకా అంకెల్లో రాయించాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ అడగాలి. అంకె పెరగకపోతే పద్ధతి మార్చాలి.

ఇప్పటి నుంచే అలవాట్లు

వారానికి ఒక పరిశోధన పత్రం చదవండి. పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైట్‌లో సారాంశాలు ఉచితం. గణాంకశాస్త్రం ప్రాథమికాంశాలు నేర్చుకోండి, ఇంగ్లిష్ చదివే వేగం పెంచుకోండి. చదివిన దాన్ని రోగి బంధువులకు సులువైన తెలుగులో చెప్పడం నేర్చుకోండి. తోటివారితో నెలకోసారైనా ఒక కేసును చర్చించండి. విదేశాలకు వెళ్లాలనుకునేవారు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య గుర్తింపు ఉన్న కోర్సే ఎంచుకోవాలి. బ్రిటన్‌లో రెండేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, కొత్తగా ఏం నేర్చుకున్నారో అడిగితే రుజువు చూపాలి.

ఉద్యోగాలు ఆసుపత్రుల్లో, పునరావాస కేంద్రాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, పిల్లల అభివృద్ధి కేంద్రాల్లో ఉంటాయి. అనుభవం వచ్చాక సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. చదువు పట్టాతో ముగిసిపోవాలనుకునేవారికి ఈ దారి నప్పదు. నిన్న నేర్చుకున్నది తప్పని తేలితే మార్చుకునే ధైర్యం ఉన్నవారు ముందుకు రండి. మన కోనసీమకు అలాంటి థెరపిస్టులు కావాలి.