కొయ్య పళ్ళెము అడుగును తరిమెనపై నునుపు చేయు విధము

కాపు ఉడిగిన మామిడి చెట్టును కొట్టించినప్పుడు దుంగను వంటచెరకు క్రింద అమ్మివేయుట మనకు అలవాటు. ఆ దుంగను పలకలుగా కోయించి, నీడలో బాగుగా ఆరబెట్టి, తరిమెన మీద పళ్ళెములు చేసినచో తీరిక దినములలో నాలుగు రాళ్ళు చేతికి వచ్చును. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి చేయు లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పనికి గల విలువ దానివలన తెలియగలదు.

చిక్కు ఎక్కడ?

పళ్ళెము చేయునప్పుడు దాని అడుగున ఒక వ్యర్థపు కొయ్యబిళ్ళను అంటించి, ఆ బిళ్ళను తరిమెనకు బిగింతుము. రెండింటి నడుమ జిగురుతో పాత వార్తాపత్రిక కాగితమును ఉంచినచో, పని ముగిసిన పిదప ఉలి మొనతో తేలికగా విడదీయవచ్చును. కాని అడుగున జిగురు, కాగితము మిగిలిపోవును. ఇప్పుడు పళ్ళెమును బోర్లించి పట్టవలెను. మేకులు కొట్టరాదు, ఇనుప దవడలతో నొక్కినచో అంచు నలుగును. మరి ఎట్లు?

గాడి పట్టు

1. పళ్ళెము కంటె 3 సెంటీమీటర్లు వెడల్పైన మెత్తని కొయ్య చక్రమును తరిమెనకు బిగింపుడు.

2. పళ్ళెపు వెడల్పును దానిపై గీసి, అంచు దిగునట్లు 6 మిల్లీమీటర్ల లోతున గాడి తీయుడు. గాడి ప్రక్క లోనికి పోనుపోను వెంట్రుకవాసి ఇరుకు కావలెను. కొంచెము కొంచెముగా తీయుచు పళ్ళెముతో సరిచూచుకొనుడు.

3. పళ్ళెమును బోర్లించి అదిమి, వెనుక తలను ముందుకు జరిపి, నడుమ చిన్న కొయ్యముక్కను అడ్డుపెట్టి ఆనింపుడు. గాడి పళ్ళెమును కదలనీయదు. వెనుక తల దానిని పడనీయదు.

4. ముందు చేతితో త్రిప్పి చూడుడు. పిదప వాడియైన ఉలితో అంచునుండి నడుమకు పలుచగా చెక్కుడు. అడుగు నడుమ కొద్దిగా లోతుగా నుండవలెను. అట్లయిననే పళ్ళెము ఊగక నిలుచును.

5. వెనుక తల ఆనిన చోట చిటికెనవ్రేలంత బొడిపె మిగులును. యంత్రము ఆపి, పళ్ళెము తీసి, దానిని చేతి ఉలితో కోసి గరుకు కాగితముతో రుద్దుడు.

గాడి తీసిననాడే ఈ పని ముగింపుడు. కొయ్య ఆరునప్పుడు పొరకు అడ్డముగా ఎక్కువ, పొర వెంట తక్కువ ముడుచుకొనును. అందుచే నేడు గుండ్రముగా నున్న పళ్ళెము కొన్నాళ్ళకు కోలగా మారి గాడిలో ఇమడదు. వదులైనచో తడిగుడ్డ కట్టి సరిపెట్టక, కొత్త గాడి తీయుడు.

హెచ్చరిక

25 సెంటీమీటర్ల పళ్ళెము నిమిషమునకు 500 చుట్లు తిరిగినప్పుడు దాని అంచు గంటకు సుమారు 24 కిలోమీటర్ల వేగముతో పోవును. 1500 చుట్లకు ఆ వేగము 70 దాటును. పట్టు తప్పినచో ముఖమే పగులును. కావున 500 చుట్లు మించనీయకుడు. పళ్ళెమునకు సూటిగా ఎదుట నిలువకుడు. తువ్వాలు తీసివేసి, పంచె బిగించి, కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు.

చివరగా అవిసె నూనె పలుచగా పూసి, తుడిచి, కొన్ని వారములు ఆరనీయుడు. వేరుశనగ నూనె ఆరక మక్కువాసన కొట్టును. కొనువాడు పళ్ళెమును ముందు త్రిప్పి అడుగు చూచును. మీ పనితనమునకు అదియే సాక్ష్యము.