పిస్టల్ కొనేముందు పిడి పట్టించి చూడండి

ప్రశ్న: మాది భద్రాచలం దగ్గర ఊరు. మా అమ్మాయికి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్పించాలని ఉంది. తక్కువలో ఏది కొనమంటారు? లైసెన్సు కావాలా?

జవాబు: 4.5 మి.మీ. గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉంటే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. బిల్లు దాచుకోండి. అలాగని దాన్ని సంచిలో వేసుకుని కిన్నెరసాని అభయారణ్యంలోకి మాత్రం వెళ్లకండి. అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్తే కేసవుతుంది.

ఖరీదైన మోరినీ, స్టెయిర్‌ల జోలికి ఇప్పుడే పోవద్దు. హామర్లీ ఏపీ20 లాంటిది చాలు. అసలు చూడాల్సింది పిడి. పిల్లలకు పెద్ద సైజు అంటగట్టేస్తుంటారు. అమ్మాయిని కళ్లు మూసుకుని ఖాళీ పిస్టల్ గురిపెట్టి, తర్వాత కళ్లు తెరవమనండి. ముందు సైటు వెనక సైటు గాడిలో దాదాపు మధ్యనే కనిపిస్తే పిడి కుదిరినట్టే.

పాతది కొంటే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చదవండి. పదేళ్లు దాటినది పోటీల్లో పనికిరాదు. కొన్ని చవకబేరాల రహస్యం అదే! ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు వేలాడదీసి ఎత్తితే పేలకూడదు.

సిలిండర్‌కు 200 బార్ల దాకా గాలి పట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ చాలదు, అంత ఒత్తిడినిచ్చే చేతిపంపు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.