యువక రైతుల దారియాత్ర: ఏమి తీసికొనిపోవలెను? ఏమి తీసికొనిరావలెను?



శ్రీనగరమునుండి కన్యాకుమారివరకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి మన దేశములో మిక్కిలి పొడవైనది. అది ఆలంపూరు చౌరస్తా మీదుగానే పోవుచున్నది. నేలను, నీటిని చెడగొట్టకుండ బ్రతుకవలెనని ప్రచారము చేయుచు, నలుగురైదుగురు స్నేహితులు కలిసి మోటారు సైకిళ్లమీదనో, జీపులోనో దేశమంతయు తిరుగుట ఈ కాలమున ఒక వాడుకగా మారినది. ఆలంపూరు ప్రాంతపు యువకులలో గూడ ఈ కోరిక కలుగుచున్నది. కోరిక మంచిదే. అయితే యాత్ర ముగిసిన తరువాత పొలములో ఏమి మారినది అను ప్రశ్నకు జవాబు ఉండవలెను. అట్టి జవాబు దొరకునట్లు యాత్రను ఏర్పాటు చేసికొనుట ఎట్లో ఈ పాఠములో తెలిసికొందము.

లోగడ జరిగిన యాత్రలు

మొదటి ఉదాహరణము అప్పటి నల్లగొండ జిల్లాలోనిదే. వినోబా భావేగారు 1951 మార్చిలో కాలినడకన బయలుదేరి హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమావేశమునకు వచ్చిరి. అక్కడినుండి తెలంగాణ గ్రామములకు నడచిరి. ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులను, మీకేమి కావలెనని అడిగిరి. సాగు చేసికొనుటకు 80 ఎకరముల భూమి కావలెనని వారు చెప్పిరి. గ్రామస్థుడైన వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదనని లేచి చెప్పిరి. భూదానోద్యమము ఆనాడు పుట్టినది. ఇందు రెండు సంగతులు గమనింపుడు. వినోబాగారు ముందుగా ఉపన్యసింపలేదు, అడిగిరి. ఇక రెండవది. ఆ తరువాత దేశమంతట దానముగా వచ్చిన భూములలో చాలభాగము పంచబడక, తగాదాలలో చిక్కుకొని నిలిచిపోయినది. దానపత్రము వ్రాయుట ఒక దినపు పని. భూమిని కొలిచి, పంచి, దున్నించుట ఏండ్ల పని. ఏ యాత్రకైనను ఈ నియమమే వర్తించును.

రెండవ ఉదాహరణము జహీరాబాదు ప్రాంతపు పాత పంటల జాతర. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు రెండు దశాబ్దములకు పైగా ప్రతి సంవత్సరము సంక్రాంతినాడు దీనిని ప్రారంభించుచున్నవి. అలంకరించిన ఎడ్లబండ్లలో జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యములు మొదలగు పాత విత్తనములను బుట్టలతో పేర్చి సుమారు ఒక నెల దినములు ఊరూర తిరుగుదురు. బండ్లు ఊరు చేరగానే రైతులు చుట్టు కూర్చొని ఏ నేలకు ఏ పంట, ఏ కార్తెకు ఏ విత్తనము అని మాటలాడుకొందురు. ఈ సంఘముల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. వారు సంక్రాంతిని ఎన్నుకొనుటలో తెలివి ఉన్నది. అప్పటికి వానకాలపు పంట ఇంటికి చేరియుండును. విత్తనము చేతిలో నుండును. రైతుకు కొంచెము తీరిక గూడ నుండును.

మూడవది 2010లో జరిగిన కిసాన్ స్వరాజ్ యాత్ర. అది అక్టోబరు 2వ తేదీన సబర్మతిలో బయలుదేరి, అనేక రాష్ట్రములగుండ సాగి, డిసెంబరు 11వ తేదీన ఢిల్లీలోని రాజఘాట్ చేరినది. విత్తనముపై రైతుకు గల హక్కు, నేలను చెడగొట్టని సేద్యము దాని ముఖ్య విషయములు.

నాలుగవది పల్లె సృజన సంస్థవారి చిన్న శోధయాత్ర. బ్రిగేడియర్ పోగుల గణేశంగారు నడిపించుచున్న ఈ యాత్రలో విద్యార్థులు, ఉద్యోగులు మూడు దినములు పల్లెలలో కాలినడకన తిరిగి, గ్రామస్థుల నేర్పును, వారు స్వయముగా కనిపెట్టిన పనిముట్లను వెదకి తెలిసికొందురు. పల్లెలో అట్టి నేర్పు ఎంత గలదో తెలియవలెనన్న ఆలేరు దగ్గరి శారాజిపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారిని చూచిన చాలును. ఆసు పోయుటలో తల్లి పడు బాధ చూడలేక ఆయన తయారుచేసిన లక్ష్మి ఆసు యంత్రమునకుగాను 2017లో పద్మశ్రీ లభించినది. కావున యాత్రికునకు నోటికంటె కన్నును చెవిని ఎక్కువ ఉపయోగింపవలసిన అవసరము గలదు.

ముందుగా మన నేలను తెలిసికొనుడు

ఇతరులకు చెప్పబోవు ముందు మన ఇంటి సంగతి మనకు తెలిసియుండవలెను. ఆలంపూరు ప్రాంతము తుంగభద్ర, కృష్ణ నదుల నడుమ నున్నది. రెండు నదులున్నను పొలమునకు నీరు చాలదు. రాజోలిబండ మళ్లింపు పథకము క్రింద మన భాగమునకు 87,500 ఎకరముల ఆయకట్టు నిర్ణయింపబడినది. కాని కాలువ చివరి భూములకు నీరు చాలినంతగా అందలేదు. ఆ లోటు తీర్చుటకే తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకము 2018లో ప్రారంభమైనది. ఇట్లు నీటికై ఎదురుచూచిన ఊళ్లే 2009 అక్టోబరులో తుంగభద్ర వరదలో మునిగినవి. రాజోలి ఊరు మిక్కిలి నష్టపడినది.

కావున ఈ ప్రాంతపు యువకునకు నీటి పొదుపు పుస్తకములో చదివిన మాట కాదు. నల్లరేగడిలో శనగ వేయువారు, చల్కలో కంది, ఆముదము వేయువారు వాననీటిని నేలలో నిలుపుకొనుట ఎట్లో తాతలనాటినుండి ఎరుగుదురు. వాలుకు అడ్డముగా దున్నుట, విత్తనమును తేమ తగులు లోతున వేయుట, పైమట్టిని గుంటకతో కదిపి పగుళ్లు మూయుట, ఇవియే మీరు ఇతర ప్రాంతములకు తీసికొనిపోదగిన పాఠములు. బయలుదేరుటకు ముందు మీ ఊరిలోని పెద్దరైతులవద్ద కూర్చొని వీనిని వ్రాసికొనుడు.

ఏ దారిన పోవలెను?

మొదటి యాత్రకు కాశ్మీరము అక్కరలేదు. ఎనిమిది పది దినములలో ముగియు ఒక చుట్టు చాలును. ఆలంపూరునుండి బయలుదేరి మొదట పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమును చూడవలెను. మన దక్షిణ తెలంగాణ మండలమునకు తగిన కంది, ఆముదము మొదలగు పంటలపై పరిశోధన జరుగు స్థలమది. అటుపిమ్మట రాజేంద్రనగరములో వ్యవసాయ విశ్వవిద్యాలయమును, చిరుధాన్యముల పరిశోధన సంస్థను చూచి, పోచంపల్లికి పోయి రావలెను. తరువాత పటాన్‌చెరువు వద్ద 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ గలదు. అచటి విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటలకు చెందిన 1 లక్ష 20 వేలకు పైగా నమూనాలు భద్రపరుపబడియున్నవి. ఆ దారినే ముందుకు సాగిన జహీరాబాదు చేరుదురు. ఈ సంస్థలలో ప్రవేశమునకు ముందుగా జాబు వ్రాసి అనుమతి పొందవలెను.

ఖర్చును లెక్కించుడు. 3,000 కిలోమీటర్లు జీపులో తిరిగినచో, లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున 250 లీటర్ల డీజిలు కావలెను. లీటరు డీజిలు మండిన సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అనగా దాదాపు 670 కిలోలు గాలిలో కలియును. గాలిని కాపాడుడని చెప్పబోవువారు దీనిని మరువరాదు. పైన చెప్పిన చుట్టు 700 కిలోమీటర్లనుకొన్నను 60 లీటర్లలోపే సరిపోవును. బస్సులోను, రైలులోను పోయినచో మనిషికి పడు భాగము ఇంకను తగ్గును.

కాలము విషయములో గూడ జాగ్రత్త వహింపవలెను. సంక్రాంతి దాటిన వెంటనే బయలుదేరి శనగ కోతకు ముందు తిరిగి రావలెను. పంట పొలములో నుండగా భారమంతయు తల్లిదండ్రులపై వేసి దేశసేవకు పోవుట సేద్యసేవ కాజాలదు. ముందుగా కోతకు వచ్చు పొలముగల స్నేహితుడు ఆ యేడు ఊరిలో నిలిచి మరుసటి యేడు పోవచ్చును.

ఏమి చూపవలెను?

ఊరిలో జనము కూడినపుడు గంట ఉపన్యాసముకంటె పది నిమిషముల పని మేలు. ఈ మూడు పనులు ఎవరైనను చేసి చూపవచ్చును.

1. మొలక పరీక్ష: ఆ ఊరి రైతు ఇంటిలోని విత్తనమునే 100 గింజలు ఏరకుండ లెక్కించి తీసికొని, తడిపిన గోనెపట్టాపై వరుసగా పేర్చి, చుట్టి నీడన ఉంచవలెను. ఆరకుండ నీరు చిలుకరింపవలెను. వారము దినములకు బాగుగ మొలచిన వానిని లెక్కించిన అదియే నూటికి మొలకశాతము. ధ్రువీకరించిన విత్తనములో జొన్న, కందికి 75, శనగకు 85, వేరుశనగకు 70కి తగ్గరాదు. మీరు వారమువరకు ఆ ఊరిలో ఉండరు గనుక లెక్క చూచు బాధ్యతను అచటి పాఠశాల పిల్లలకు అప్పగింపుడు.

2. మట్టి నమూనా: ఎకరమునకు ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల అక్షరము ‘వి’ ఆకారముగా గుంట తీసి, ప్రక్కనుండి పలుచని పొరగా మట్టిని చెక్కవలెను. గట్లప్రక్క, చెట్లనీడన, పెంటకుప్పలున్న చోట తీయరాదు. అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను పారవేయుచు, అరకిలో మిగులువరకు ఇట్లు చేయవలెను. దానిని నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు, వేయదలచిన పంట వ్రాసి పరీక్షకు పంపవలెను.

3. వేపగింజల కషాయము: 5 కిలోల వేపగింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతయు నానబెట్టి, ఉదయమున గుడ్డతో వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లకు సరిపోవునట్లు నీరు చేర్చవలెను. దీనిని సాయంకాలము చల్లవలెను. పురుగు చిన్నదిగా నున్నపుడే ఇది పనిచేయును. ముదిరిన పురుగుపై చల్లి ఫలితము లేదనుట న్యాయము కాదు. ఈ సంగతి దాచకుండ చెప్పినపుడే మీ మాటపై రైతుకు నమ్మకము కలుగును.

ఏమి తీసికొనిరావలెను? ఏమి తీసికొనిరారాదు?

రహదారి విత్తనమును మోయును, కలుపును గూడ మోయును. మన పొలముల గట్లన్నియు నిండిన వయ్యారిభామ 1950ల మధ్యలో పూనావద్ద గుర్తింపబడినది. తరువాత దారులవెంబడి దేశమంతట వ్యాపించినది. మొక్కజొన్నను నాశనముచేయు కత్తెరపురుగును మన దేశములో మొదట 2018లో కర్ణాటకములో కనుగొనిరి. ఆ సంవత్సరమే అది తెలంగాణకును వచ్చినది. జొన్న వేరునుండి ఆహారమును పీల్చు జొన్న మల్లె విత్తనములు ధూళివలె నుండును. ఒక్క మొక్కనుండి వేలకొలది రాలును. బూటునకంటిన మట్టిలో గూడ అవి ప్రయాణము చేయగలవు. కావున మట్టితో కూడిన మొక్కలను, పిలకలను తేరాదు. ఒక పొలమునుండి వేరొక పొలమునకు పోవునపుడు చెప్పులు, బండిచక్రములు కడుగవలెను.

విత్తనము తెచ్చునపుడు కొద్దిగా తెండు. పిడికెడు చాలును. ఎవరి పొలములోనిది, ఏ నేల, ఎప్పుడు విత్తిరి, ఎన్ని దినములకు కోసిరి అను నాలుగు సంగతులు సంచిమీద వ్రాయుడు. ఇవి లేని విత్తనము ఎంత ముచ్చటగా నున్నను మనకు పనికిరాదు. కారణము చెప్పెదము. ఉత్తరప్రదేశములో దీర్ఘకాలిక కంది రకములు వానకాలమున విత్తిన మార్చి, ఏప్రిల్ వరకు పొలములో నుండును. అట్టి దానిని మన చల్కలో వేసినచో కాయ నిండకముందే నేలలోని తేమ అయిపోవును. జహీరాబాదు ఎర్రనేలలకు, అచటి వానలకు అలవాటుపడిన రకము గూడ మన వానకు తట్టుకొనునని ముందుగా అనుకొనరాదు.

కావున తెచ్చిన విత్తనమును మొదటి యేడు ఒక్క గుంటలోనే వేయవలెను. ప్రక్కన మరియొక గుంటలో అదే దినమున మన ఊరి రకమును వేసి, ఎరువు, కలుపుతీత రెంటికిని సమానముగా చేయవలెను. 40 గుంటలు ఒక ఎకరము గనుక, గుంటలో వచ్చిన కిలోలను 40తో హెచ్చించిన ఎకరపు దిగుబడి తెలియును. గింజతోబాటు చొప్పను గూడ తూచవలెను. పశువులుగల ఇంటికి అదియు పంటయే. రెండేండ్లు ఇట్లు చూచి మేలనిపించినపుడే విస్తీర్ణము పెంచవలెను.

తిరిగివచ్చిన తరువాత

యాత్రలో అసలు పని తిరిగివచ్చిన తరువాతనే మొదలగును. పదిహేను దినములలోపల గ్రామసభలో కూర్చుండి చూచినదంతయు చెప్పుడు. మీరు పోయిన ప్రతి ఊరిలో ఒక రైతు చిరునామా వ్రాసికొని, మొలక పరీక్ష ఫలితమేమి, మట్టి పరీక్ష జవాబు వచ్చినదా అని ఉత్తరముగాని, ఫోనుగాని చేయుడు. మరుసటి యేడు క్రొత్త ఊళ్లు వెదకుటకంటె ఆ ఊళ్లకే మరల పోవుట మంచిది. మొదటిసారి వచ్చినవాడు చుట్టము, రెండవసారి వచ్చినవాడు స్నేహితుడు. రైతు తన తప్పొప్పులు విప్పి చెప్పునది స్నేహితునకే.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

ముందు అడుగవలెను, తరువాత చెప్పవలెను.
దూరము తగ్గించి, ఊరిలో నిలుచు కాలము పెంచవలెను.
చేసి చూపదగిన పనినే చెప్పవలెను.
మట్టిని, పిలకలను మోసికొనిరారాదు.
తెచ్చిన విత్తనమును గుంటలో పరీక్షింపక ఎకరములో వేయరాదు.
పోయిన ఊరికి మరల పోవలెను.

ఈ సంక్రాంతికి బయలుదేరదలచిన యువకులు ఇప్పుడే ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుటలో తమ పొలపు మట్టి పరీక్ష ఫలితమును వ్రాసికొందురుగాక.